కరెంటు లేని వేళ మోగిన గంట

"గంట మోగింది. కరెంటు లేదు. రెండూ నిజమే అక్కా," అంది టైలరమ్మ మూడోసారి.

స్టెనోగారు మూడుసార్లూ రాసుకుంది. మూడుసార్లూ మాట మారలేదు. అబద్ధమాడేవాళ్ళు రెండోసారికి ఒక ముక్క కలుపుతారు, మూడోసారికి ఆ ముక్కకి కాళ్ళూ చేతులూ వస్తాయి. కోర్టులో ఇరవై ఆరేళ్ళపాటు సాక్షుల మాటలు షార్ట్‌హ్యాండులో దింపుతూ ఆమె నేర్చుకున్నదల్లా ఇదే. ఆ ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టి ఆరేళ్ళయింది. అయినా జనం నోట్లో ఆమె స్టెనోగారుగానే ఉండిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర. ఇద్దరూ కూర్చున్నది ఆ పెద్ద మేడ కింది అంతస్తులో, టైలరమ్మ వాటాలో. ఒకప్పుడు ఒక్క కుటుంబమే ఉన్న మేడ అది. వారసులకి దాన్ని నిలబెట్టే ఓపిక లేక హాళ్ళకి అడ్డగోడలు కట్టి, వరండాల్లో వంటగదులు లేపి, ఎనిమిది వాటాలు చేసి అద్దెకిచ్చారు. ఇప్పుడు అవే వాటాలు విడివిడిగా అమ్మకానికొచ్చాయి. అయితే ఒక చిక్కుంది. అద్దెకున్న వాళ్ళందరూ ఒప్పుకుని సంతకం పెడితే తప్ప ఒక్క వాటా కూడా రిజిస్టరు కాదు. ఐదో వాటా ఖాళీ. మిగిలిన ఏడింటిలో ఆరుగురు, కొనలేక కొందరూ కొట్లాడలేక కొందరూ, సంతకాలు పెట్టేశారు. టైలరమ్మ కూడా పెట్టింది. నెలాఖరుకి ఆమె కుట్టుమిషన్‌తో సహా వెళ్ళిపోవాలి.

పెట్టనిది మూడో వాటాలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఉంటున్న డ్రాయింగు మాస్టారొక్కరే. ఆయన ఎవరితోనూ గొడవపడలేదు. "నాకు డెబ్భై నాలుగు. కాస్త ఆగండి, నేను పోయాక మీ ఇష్టం," అని నవ్వేసేవాడట.

ఎవరో ఆగలేకపోయారు. మంగళవారం పన్నెండున్నరకి, గుడ్డపేలికలు పారేద్దామని పెరట్లోకి వెళ్ళిన టైలరమ్మకి వెనక మెట్ల కింద ఆయన కనిపించాడు. తల పగిలి ఉంది. ప్రాణం పదకొండు, పన్నెండు మధ్య పోయిందని డాక్టరు రాశాడు. ముసలాయన కాలు జారి పడ్డాడని ఇన్‌స్పెక్టరు రాశాడు. మర్నాటికల్లా ఫైలు కట్టేశాడు కూడా.

మాస్టారి చెల్లెలు ఆసుపత్రిలో హెడ్ నర్సు. ఆ రాత ఆమెకి మింగుడుపడలేదు. అన్నయ్యకి కుడి మోకాలు వంగదనీ, ముందువైపు వెడల్పాటి మెట్లయినా రెయిలింగు పట్టుకుని ఒక్కొక్కటే దిగుతాడనీ, నిచ్చెనలా ఉండే ఆ వెనక మెట్ల వైపు ఏడాదిగా కన్నెత్తి చూడలేదనీ చెప్పి స్టెనోగారిని పనిలో పెట్టింది.

టైలరమ్మ చెప్పింది ఇది. వాటాలకి వేర్వేరు మీటర్లు బిగించడానికి మంగళవారం సరిగ్గా పదకొండింటికి ఎలక్ట్రీషియను కరెంటు తీసేశాడు. ఆమె అప్పుడు స్కూలు చొక్కాల కాలర్లు ఇస్త్రీ చేస్తోంది. పెట్టె చల్లబడుతుంటే విసుక్కుంటూ కూర్చుంది. ఓ పది నిమిషాలకి ఇంట్లో గంట మోగింది. కరెంటు వచ్చిందనుకుని తలుపు తీసింది, ఎవరూ లేరు. వెనక్కి వచ్చి ఇస్త్రీపెట్టె పట్టుకు చూసింది, చల్లగానే ఉంది. ఇదంతా ఇన్‌స్పెక్టరుకి చెబితే, కరెంటు లేకుండా మోగేది చెవుల్లోనే తల్లీ అని నవ్వాడట. ఒక్క ముక్క రాసుకోలేదట.

"ఎలా మోగింది?" స్టెనోగారు అడిగింది.

"సన్నగా. గబగబా నాలుగైదు సార్లు. తర్వాత కొంచెం ఆగి, ఒక్కసారి."

"ఎటునుంచి?"

టైలరమ్మ ఆలోచించింది. తలుపు వైపు చూపించబోయి చెయ్యి దించేసింది. "తలుపు దగ్గరికి వెళ్ళానని తలుపు దగ్గరే మోగిందనుకుంటున్నా. కాదక్కా. పైనుంచి. ఇక్కడే, నా నెత్తిమీద."

స్టెనోగారు లేచి గదంతా ఓసారి చూసింది. గోడలో బండి పట్టేంత గూడు, దాని పైన పొగ గొట్టం, నేలకి గరుకు రాయి. ఈ గది మేడ మొత్తానికీ వంటిల్లు అయి ఉండాలి. గూటికి ఎదురుగా ఉన్న గోడమీద, ఆరడుగుల ఎత్తున, అటకలాంటి చెక్క. దాని నిండా బట్టల మూటలు. స్టూలు వేయించుకుని ఎక్కి ఒక్కో మూటా టైలరమ్మకి అందించింది. నాలుగో మూట తీసేసరికి వెనకాల గోడకి బిగించిన పొడుగాటి పలక బయటపడింది. పలక మీద వరసగా ఎనిమిది గంటలు. ఒక్కోటీ చుట్ట తిరిగిన ఇనప రేకు చివర వేలాడుతోంది. ఎన్నిసార్లు సున్నాలూ రంగులూ వేశారో, గంటలూ రేకులూ గోడా అన్నీ ఒకే రంగులో కలిసిపోయి ఉన్నాయి.

పదకొండేళ్ళుగా ఈ గదిలో ఉన్నాననీ, అవేవో పాతకాలపు నగిషీలనుకున్నాననీ టైలరమ్మ నోరు తెరిచి చూస్తూ అంది.

"పైగదుల్లో దొరలు తీగ లాగితే కింద పనివాళ్ళకి మోగే గంటలు ఇవి. వీటికి కరెంటుతో పనిలేదు," అంది స్టెనోగారు. ఎనిమిది గంటల్నీ దగ్గరగా చూసింది. ఏడింటి మీద రంగు పొర చెక్కుచెదరలేదు. ఎడమనుంచి ఆరోదాని రేకు మీద మాత్రం పెంకు పగిలింది, లోపలి ఇనుము కనిపిస్తోంది. దాని కిందే ఉన్న మూటమీద గోరంత రంగు పెచ్చులు రెండు. వాటిని కాగితంలో మడిచి పెట్టుకుంది. పలక మీద అంకెలు ఏవైనా రాసి ఉన్నా రంగు కింద పూడిపోయాయి. ఆ తీగ ఏ గదిలోకి పోతుందో గోడలో దూరాక ఎవరికీ తెలియదు. లాగి చూడాల్సిందే.

టైలరమ్మని స్టూలెక్కించి, ఫోను చెవిదగ్గరే పెట్టుకోమని చెప్పి, స్టెనోగారు పైకి వెళ్ళింది.

మూడో వాటా తాళంచెవి చెల్లెలు ఇచ్చింది ఉంది. మాస్టారి గదిలో డ్రాయింగు బల్ల వెనక, తలుపు పక్కన, ఇత్తడి బిళ్ళ, దాని మధ్య తెల్లని పింగాణీ పిడి దొరికాయి. నేలకి రెండున్నర అడుగుల ఎత్తు. కుర్చీలో కూర్చున్న దొరకి అందేలా పెట్టారు కాబోలు. గట్టిగా లాగింది. తుప్పు కరకరలాడింది.

"రెండోది కదిలింది అక్కా. రంగు పెంకు ఇప్పుడే రాలింది. కళ్ళల్లో పడింది," అని టైలరమ్మ ఫోనులో దగ్గింది.

ఇప్పుడే రాలిందంటే మంగళవారం రాలలేదు. మాస్టారు పిలిచింది తన గదిలోంచి కాదు.

వరండాలో ఎదురుగా ఐదో వాటా తలుపు. దానికి కొత్త తాళం. స్టెనోగారు కిందికి దిగి అమ్మకాల ఏజెంటు దగ్గరికి వెళ్ళింది. ముందు హాల్లో బల్ల వేసుకుని, మేడ బొమ్మలున్న రంగుల కాగితాలు పేర్చుకుని కూర్చునే మనిషి. ఐదో వాటాకి టోకెన్ ఇచ్చేశారు మేడమ్, అది ఒకరి సొత్తు అయిపోయినట్టే అంటూ నీళ్ళు నమిలాడు. చూపించేదాకా ఇక్కడే కూర్చుంటానని, వచ్చే కొనుగోలుదారులందరికీ వెనక మెట్ల సంగతి ఓపిగ్గా వివరిస్తానని ఆమె కుర్చీ లాక్కుంది. తాళంచెవి అర నిమిషంలో బయటికొచ్చింది. మేడలో గోడలకి ఇత్తడి బిళ్ళలున్నాయి, అవేమిటని ఆమె మాటవరసకి అడిగితే, పాతకాలపు దీపాలు తగిలించే కొక్కేలు అని ఏజెంటు ఠక్కున చెప్పాడు. ఆమె మెట్లెక్కుతుండగా అతను ఎవరికో ఫోను చేస్తున్న చప్పుడు వినిపించింది.

ఐదో వాటా, మూడో వాటా ఒకప్పుడు ఒకే హాలు. కప్పు మధ్యలో గచ్చుతో చేసిన పెద్ద పువ్వుంది. అడ్డగోడ దాన్ని నిలువునా కోసేసింది. సగం రేకులు ఇటు, సగం అటు. రెండు నెలలుగా తాళం వేసి ఉన్న గది. కిటికీ గట్లమీద వేలితో పేరు రాసుకోవచ్చు, అంత దుమ్ము. రెండో కిటికీ గట్టు మూలన మాత్రం రాయి ఎవరో కడిగినట్టు శుభ్రంగా మెరుస్తోంది. నేలమీద ఆ మూల నుంచి వెనక తలుపు దాకా ఒక బాటలాగా ఊడ్చేసి ఉంది. వెనక తలుపు తీస్తే ఎనిమిది అడుగుల దూరంలో మెట్లు.

ఆ తలుపు పక్కన గోడమీద ఇత్తడి బిళ్ళ ఉంది. పిడి లేదు. బిళ్ళ మధ్య బెజ్జంలోకి తీగని చుట్టి కూరారు. స్టెనోగారు జడపిన్ను తీసి, వంచి, తీగ కొసని బయటికి లాగింది. పిడి బిగించే మరల దగ్గర ఇనుము తెల్లగా, కొత్తగా ఉంది. తీగని కొంగుకి చుట్టి లాగింది, గబగబా నాలుగైదు సార్లు. కొంచెం ఆగి, ఒక్కసారి.

ఫోనులో సన్నగా గంట మోగడం ఆమెకీ వినిపించింది.

"అదే అక్కా," అంది టైలరమ్మ. "ఆరోది. అదే చప్పుడు. ఆయన నన్నే పిలిచాడా?"

"మేడలో ఈ గంట ఎక్కడ మోగుతుందో ఆయనకి తెలిసుంటుంది."

"నేను తలుపు దాకా వెళ్ళి, ఎవరూ లేరని వచ్చి కూర్చున్నా అక్కా. ఇస్త్రీపెట్టె పట్టుకు చూసుకున్నా."

ఏదో ఒకటి చెప్పి ఓదార్చవచ్చు. స్టెనోగారికి అలాంటి మాటలు నోటికి రావు. నువ్వు విన్నావు, విన్నది మూడుసార్లు ఒకేలా చెప్పావు, అందువల్లే ఇవాళ ఇక్కడిదాకా వచ్చాం అని మాత్రం అంది. ఫోను పెట్టేసి కాసేపు ఆ బిళ్ళ ముందు గొంతుక్కూర్చుంది. నేలమీద పడ్డ మనిషి చెయ్యి చాస్తే సరిగ్గా అందే ఎత్తు. వంగని మోకాలుతో, పగిలిన తలతో, ఆ కిటికీ దగ్గర్నుంచి ఇక్కడిదాకా పాకి రావడానికి ఆయనకి ఎంతసేపు పట్టిందో. ఆ సేపంతా గదిలో ఉన్న రెండో మనిషి ఏం చేస్తూ ఉన్నట్టు?

"స్టెనోగారూ, నేల దులుపుతున్నారా?"

గుమ్మంలో ఇన్‌స్పెక్టరు. నాలుగుంబావు అయింది. ఏజెంటు ఆయన వెనక నక్కి ఉన్నాడు.

వీళ్ళిద్దరికీ చాలాకాలంగా పడదు. పన్నెండేళ్ళ కిందట ఒక దొంగతనం కేసులో ఇన్‌స్పెక్టరు బోనెక్కి పొద్దున ఒక మాట, మధ్యాహ్నం ఒక మాట చెప్పాడు. ఆమె రెండూ దింపింది. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఎదుటి వకీలు కేసు కొట్టేయించాడు. అప్పట్నుంచీ ఆమెని చూస్తే ఆయనకి ఒళ్ళు మండుతుంది. అయితే మొద్దుమనిషి మాత్రం కాదు. ఆమె గంటల పలక సంగతి, రాలిన రంగు సంగతి, ఊడ్చిన నేల సంగతి చెబుతుంటే మధ్యలో అడ్డురాలేదు. అయ్యాకే మొదలుపెట్టాడు. ఎలుకలు తీగ లాగి ఉండొచ్చన్నాడు. ఎలుకలు పిడి మర తిప్పి తీసుకుపోవు అంది. పిడి ఎప్పుడో ఊడిపోయి ఉంటుందన్నాడు. అలాగైతే తీగ కొస తుప్పు పట్టి ఉండాలి, ముట్టుకుని చూడమంది. ఆయన ముట్టుకున్నాడు. వేలు చూసుకున్నాడు. తుప్పు అంటలేదు.

"సరే, ఎవరో విప్పారు. అయితే?"

"ఎందుకు విప్పారో చూడండి. అదేమిటో మీ ఏజెంటుగారికి తెలియదు, దీపం కొక్కెం అంటున్నారు. కింద దాని నెత్తిమీదే బట్టలు కుట్టుకునే ఆవిడకి తెలియదు. ఇది గంట తీగ అని తెలిసిన మనిషే దీన్ని విప్పి, ఎవరూ లాగి చూడకుండా కూరి పెట్టింది. ఈ మేడ ఒక్క ఇల్లుగా ఉన్న రోజుల్లో ఎరిగున్న మనిషి."

"ఆ రోజుల వాళ్ళు ఎవరూ లేరిక్కడ."

"గది తాళానికి కాళ్ళు లేవు కదా. మంగళవారం ఎవరి చేతిలో ఉందో చూద్దాం."

ఏజెంటు, కొనేవాళ్ళ వివరాలు బయటపెట్టడం కుదరదని గొణిగాడు. ఇన్‌స్పెక్టరుకి చిర్రెత్తుకొచ్చింది. ఆవిడ అనుమానం ఈ పూటతో తీరిపోవాలి, తాళాల పుస్తకం పట్రా అని గదమాయించాడు. ఏజెంటు ఆయన మొహం వైపు వింతగా చూశాడు. ఏదో అడగబోయి, మానేసి, కిందికి వెళ్ళి పుస్తకం తెచ్చాడు.

ఇన్‌స్పెక్టరే పేజీలు తిప్పాడు. మంగళవారం. ఐదో వాటా. తాళంచెవి తీసుకున్నది పదీ ఇరవై. తిరిగి ఇచ్చింది పన్నెండూ ఐదు. పైకే చదివాడు. సంతకం దగ్గరికొచ్చేసరికి వేలు ఆగిపోయింది.

ఆ సంతకం స్టెనోగారికి తెలియదు. ఏజెంటు వైపు చూసింది.

"ఐదో వాటా బుక్ చేసుకున్నది సారు ఇంటావిడే కదా," అన్నాడు ఏజెంటు నేల చూపులు చూస్తూ. "సారుకి తెలుసనుకున్నా."

బుక్ చేసుకున్న సంగతి ఆయనకి తెలుసు. ఆ రోజు ఆమె అక్కడికి వచ్చిందని తెలియదు. వాళ్ళక్కగారింటికి వెళుతున్నానని చెప్పి బయల్దేరిందట. ఏజెంటుని కిందికి పంపేసి, ఇన్‌స్పెక్టరు దుమ్ములోనే కిటికీ గట్టు మీద కూలబడ్డాడు. ఆయన్ని ఆ తీరుగా స్టెనోగారు ఎప్పుడూ చూడలేదు. ప్రశ్నలు అడగలేదు. అడగని చోటే మనుషులు చెబుతారని కూడా ఆమెకి కోర్టే నేర్పింది.

"మా ఆవిడ వాళ్ళమ్మ ఈ ఇంట్లో వంటమనిషి," అన్నాడు. "పన్నెండేళ్ళు వచ్చేదాకా ఆ కింద వంటింట్లోనే పెరిగింది. గంట మోగితే ఏ గదిదో చూసి పరుగెత్తడం దాని పని. ఏ గంట ఏ గదిదో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ముందు మెట్లు వీళ్ళు ఎక్కకూడదట. ఎప్పుడైనా ఈ ఇంట్లో ఒక్క గదైనా కొంటాను, ముందు మెట్ల మీంచి ఎక్కుతాను అనేది. పెళ్ళయిన కొత్తలో నేను నవ్వేవాణ్ణి."

"మాస్టారితో మాట్లాడదామని వచ్చి ఉంటుంది."

"బతిమాలడానికే వచ్చి ఉంటుంది. అది చీమకి కూడా..." ఆ మాట ఆయనే పూర్తి చెయ్యలేదు. చొక్కా జేబులోంచి ఫోను తీశాడు. మంగళవారం వచ్చిన కాల్స్ దగ్గరికి జరిపి, ఆమెకి చూపించాడు. "మెట్ల మీంచి ఒక పెద్దాయన పడిపోయాడని నాకు మొదట చెప్పింది స్టేషన్‌వాళ్ళు కాదు. మా ఆవిడ. ఏజెంటు చెబితే తెలిసిందంది. నమ్మాను. కాలు జారి పడ్డాడనే మాట కూడా అదే అంది. నేను వచ్చి అదే రాశాను."

కాల్ వచ్చింది పన్నెండూ పదిహేనుకి. టైలరమ్మ శవాన్ని చూసింది పన్నెండున్నరకి.

స్టెనోగారికి ఆయన మీద జాలి వేసింది. ఆ జాలి వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. "మీ ఆవిడ ఇప్పుడు ఎక్కడుంది?"

ఆయన తలెత్తాడు. చెబుతూనే గట్టు మీంచి లేచాడు. మాస్టారి చెల్లెలు ఒంటరిదని, పాపం అన్నగారి కాగితాలూ సామాన్లూ చూసుకుని ఏడుస్తోందని, సర్దిపెట్టడానికి సాయం చేస్తానని రెండ్రోజులుగా ఆమె ఇంటికి వెళ్ళివస్తోందట. ఇవాళ కూడా పొద్దున్నే వెళ్ళిందట.

ఆ పొద్దున్నే, తొమ్మిదింటికి, స్టెనోగారు నర్సుకి ఫోను చేసింది. కింద వాటాలో ఆవిడ ఏదో గంట విన్నానంటోంది, ఇవాళ వెళ్ళి అది తేల్చుకుంటాను అని తన నోటితోనే చెప్పింది. వినేది నర్సు ఒక్కతే అనుకుంది.

నర్సు నంబరు నొక్కింది. ఐదుసార్లు మోగాక ఎత్తారు.

"ఆవిడ పడుకున్నారండీ," అంది అవతల్నుంచి ఒక ఆడగొంతు. నెమ్మదైన, మర్యాదైన గొంతు. "పాపం బాగా అలిసిపోయారు. నేను పక్కనే ఉన్నాను, మీరేం కంగారుపడకండి. ఎవరు చేశారని చెప్పమంటారు?"

స్టెనోగారు చేతి గడియారం చూసుకుంది. నాలుగూ ముప్ఫై ఐదు. నాలుగింటికి డ్యూటీ ఎక్కాల్సిన నర్సు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్కరోజు కూడా ఆలస్యంగా వెళ్ళలేదని గర్వంగా చెప్పుకున్న మనిషి.

ఆ గొంతు ఇన్‌స్పెక్టరుకీ వినిపించింది. ఆయన అప్పటికే గుమ్మం దాటి మెట్ల వైపు పరుగెడుతున్నాడు.